బలిపూజె వార్త

మా మనవడు చింతామణిలో ఫాదర్ల హాస్టల్లో చదువుతున్నాడు. ప్రతి శనివారం అక్కడి వార్తలు నా ఫోనుకు కన్నడంలో వస్తాయి. ఓసారి "ఆదివారం పిల్లలందరికీ బలిపూజె" అని చదివి నా రక్తం మరిగింది. మా ఊరు పాతపాళ్య నుంచి కొడవలితో వెళ్లి, గేటు తన్ని, ఫాదర్ గొంతు పట్టుకున్నాను.

"మా పిల్లోణ్ని బలి ఇస్తారా ఏమప్పా? మేము మేకల్ని ఇచ్చేదే నిలిపేసినాము!"

అబద్ధమెందుకు, కొడవలి కాదు, గొడుగు. గేటు తెరిచే ఉంది. ఫాదర్‌ను తాకనే లేదు. అరిచిన మాట మాత్రం నిజం.

"బలిపూజె అంటే చర్చిలో ప్రార్థనప్పా! తెలుసుకోకుండా ఏం రచ్చ చేస్తాండారు?" అని ఫాదర్ కసిరాడు.

"అయితే ప్రార్థన అనే రాయప్పా!" అని నేనూ తగ్గలేదు.

కిటికీల్లో పిల్లలంతా నవ్వారు, మావాడు తప్ప. అప్పటినుంచి హాస్టల్లో వాడి పేరు మేకపిల్ల. ఫాదర్ నన్ను ఎప్పుడో క్షమించాడు. వాడు మాత్రం సెలవులకొచ్చినా నాతో మాట్లాడడు.