డిస్కు కవరు వెనక పేర్లు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనం ముగించి, పటమటలో మా ఇంటి హాల్లో ఫ్యాను కింద చేరగిలబడి, పదేళ్ళుగా నాదేననుకుంటున్న ఒక కారు రేసు గేము ఆడదామని కన్సోల్ ఆన్ చేశాను. తెర మీద కార్లకు బదులు రెండు లైన్లు వచ్చాయి. ఈ గేము ఆడేందుకు నాకున్న అనుమతి ముగిసిందట. అనుమతి ఏమిటి, ముగియడం ఏమిటి, నేను కొనుక్కున్న వస్తువు కదా అని గట్టిగానే అన్నాను. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తకుండానే, "అది నీది కాదు నాన్నా, ఇన్నాళ్ళూ ఆడుకోనిచ్చారంతే" అంది. కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలాగా యాభైకి దగ్గర పడుతున్నవాళ్ళకు, డిస్కు అనే వస్తువును చేత్తో పట్టుకుని, వెనక్కి తిప్పి గీతలున్నాయేమోనని వెలుగులో చూసుకున్నవాళ్ళకు ఈ మంట వేరే చెప్పక్కర్లేదు. వెంటనే నాలుగు బూతులు తిట్టి, నలుగురిని పోగేసి, ఎక్కడో ఒకచోట సంతకాలు పెట్టిద్దామనిపించింది. అంతలోనే వెనకటికి ఒకసారి సరిగ్గా ఇదే మంటతో సంతకాలు పెట్టించిన సంగతి, ఆ మంట చివరికి ఎవరిని కాల్చిందో ఆ సంగతీ గుర్తొచ్చి కంట్రోలర్ పక్కన పడేశాను.

నేను అప్పుడు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో పనిచేసేవాణ్ణి. ఆరు రోజులు బేరింగులూ, బ్రేకు లైనింగులూ పట్టుకుని, ఏడో రోజు చేతుల జిడ్డు వదిలేదాకా సబ్బుతో రుద్దుకుని గవర్నర్‌పేట వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక లాడ్జి పక్క సందులో, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాల్సినంత ఇరుకు మెట్లెక్కితే, పైన గేము డిస్కులు మార్చుకునే షాపు ఉండేది. దాని యజమానిని అందరమూ బాబాయి అనే పిలిచేవాళ్ళం. ఆడేసిన డిస్కు ఇచ్చి, ఆడని డిస్కు తీసుకెళ్ళడం అక్కడి పద్ధతి. గీత పడిన డిస్కును బాబాయి పళ్ళపొడిలాంటిదేదో పెట్టి మెత్తటి గుడ్డతో రుద్ది, ట్యూబులైటుకు ఎదురుగా పట్టి, వధువు ఫోటో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసేవాడు. షాపులో ఒక ఆచారం ఉండేది. గేమును చివరిదాకా ఆడినవాడు కవరు పెట్టెలోంచి అట్టకాగితం బయటికి లాగి, దాని వెనకవైపు తెల్లగా ఉన్నచోట తన పేరు రాయాలి. సగంలో వదిలేసినవాడికి ఆ అర్హత లేదు. కొన్ని డిస్కుల వెనక పాతికేసి పేర్లుండేవి. కొత్త డిస్కు చేతికి రాగానే మేము ముందు చూసేది బొమ్మ కాదు, మనకంటే ముందు ఎవడు గెలిచాడన్నదే.

ఆ పేర్లలో ఎక్కువసార్లు అన్నిటికంటే పైన కనిపించేది మా బావ పేరు. మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద, దివిసీమలో ఒక పల్లెటూరి బడిలో పంతులు. పిల్లలకు చూచిరాత పెట్టే అలవాటు వల్లనో ఏమో గుండ్రటి అక్షరాలతో ఇంటిపేరూ, పేరూ, ఊరూ అన్నీ రాసేవాడు. వారం వారం బస్సులో వచ్చేవాడు. డిస్కుల్ని పాత తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకొచ్చి, ఒక్కొక్కటీ తీసి, వేలిముద్రలు తుడిచి మరీ బల్లమీద పెట్టేవాడు. వాళ్ళ ఊరికి నేరుగా వెళ్ళే చివరి బస్సు ఆరు గంటలకు. మా ఆట అసలు రుచిలో పడేది అప్పుడే. షాపులోనే టీవీ ముందు నలుగురం నాలుగు కంట్రోలర్లు పట్టుకుని గొడవ గొడవగా ఆడుతుంటే, అయిదున్నరకు తన కంట్రోలర్ పక్కవాడి చేతిలో పెట్టి చెప్పులేసుకునేవాడు. పెళ్ళికూతురు వెళ్ళిపోతోందిరా అని మేము ఏడిపించేవాళ్ళం. నవ్వి వెళ్ళిపోయేవాడు.

అలా ఉండగా కొత్త కన్సోల్ వస్తోందన్న వార్త వచ్చింది, దాని వెనకే దాని షరతులూ వచ్చాయి. రోజుకొకసారైనా దాన్ని నెట్‌కు కలపాలట, లేకపోతే ఆడనివ్వదట. డిస్కు కొన్నవాడి పేరుకే అతుక్కుపోతుందట, ఇంకొకరికి ఇద్దామన్నా, అమ్మేద్దామన్నా కంపెనీ ఒప్పుకుంటేనేనట. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆ వారమంతా లోకంలో ఉన్న గేమర్లందరూ ఇంటర్నెట్‌లో శోకాలు పెట్టారు, శాపాలు పెట్టారు. మేమూ తక్కువ తినలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో, అన్నీ పెద్దక్షరాలతో, ఎక్కడ కామెంటు పెట్టే చోటుంటే అక్కడ మా కడుపుమంట పెట్టాం. మా తమ్ముడు, చిన్నాన్న కొడుకు, ఆ కన్సోల్ బొమ్మకు పాడె కట్టినట్టు బొమ్మ గీశాడు. బాబాయి మాత్రం గుడ్డతో డిస్కులు తుడుస్తూ కూర్చున్నాడు. ఆ షరతులు నిలబడితే మొదట మూతపడేది ఆ షాపేనని ఆయనకు మాకంటే బాగా తెలుసు.

ఆ ఆదివారం నేను ఒక తెల్లకాగితం మీద, ఈ షాపుకు వచ్చే ఎవరమూ ఆ కన్సోల్ కొనబోమని రాసి, అద్దాల తలుపుకు అంటించి, ఒక్కొక్కరి చేతా సంతకం పెట్టించాను. ఆవేశంలో ఉన్నవాడికి అక్షరాలు కూడా పెద్దగా వస్తాయి, నా సంతకం కాగితంలో పావువంతు ఆక్రమించింది. బావ వంతు వచ్చేసరికి పెన్ను తీసుకుని, మూత తీసి, మళ్ళీ పెట్టేసి నాకిచ్చేశాడు. "వాళ్ళ షరతులు నాకూ నచ్చలేదు బావా. కానీ ఒకే డిస్కుని పాతికమందిమి ఆడేస్తన్నాం. దాన్ని చేసినోడిక్కూడా ఓ ఇల్లుంటదిగా" అన్నాడు. అంత మెత్తగా చెప్పిన మాట మాకు చెంపదెబ్బలా తగిలింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని మా తమ్ముడు అందుకున్నాడు. బావ నవ్వబోయాడు, ఎవరూ నవ్వలేదు. అయిదున్నరకు చెప్పులేసుకున్నాడు.

అతను మెట్లు దిగాక బాబాయి నోరు జారాడు. ఆ కన్సోల్ మన దేశానికి ఎప్పుడొచ్చినా మొదటి పెట్టె తనకే తెప్పించమని బావ పదిరోజుల ముందే చెప్పి ఉంచాడట. షరతులు తెలిశాక కూడా వద్దనలేదట.

ఆ తర్వాత నేను చేసింది కోపంలో చేశానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. చాలా ప్రశాంతంగా, ఒక పనిలా చేశాను. అరలన్నిటిలోంచి డిస్కులు దింపించి, కవరు కాగితాలు ఒక్కొక్కటే బయటికి లాగి, బావ పేరున్న ప్రతిచోటా నల్ల మార్కరుతో కొట్టేశాను. కొన్ని నేను, కొన్ని మా తమ్ముడు. మొన్న నన్ను ఆడనివ్వని ఆ రేసు గేమే అప్పుడు అక్కడ డిస్కుగా ఉండేది, దాని కవరు వెనక అతని పేరు మొదటిది, నాది రెండోది. దాన్ని ఎంత ఒత్తి కొట్టేశానంటే కాగితం చిరిగి ముందువైపు బొమ్మలోని కారు కూడా చీలింది. ఇకనుంచి అతనికి డిస్కులిస్తే మేమెవరమూ మెట్లెక్కమని బాబాయికి చెప్పింది కూడా నేనే. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదేనని అప్పుడెవరూ చెప్పలేదు, చెప్పినా నేను వినే స్థితిలో లేను. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న కంపెనీకి నా పెద్దక్షరాలు వినపడలేదు. బావకైతే వినపడతాయి.

మరుసటి ఆదివారం బావ మామూలుగానే వచ్చాడు. తువ్వాలు విప్పి మూడు డిస్కులు తుడిచి బల్లమీద పెట్టాడు. రేసు గేము ఇంకోసారి తీసుకెళ్తానన్నాడు. బాబాయి ఫ్యాను వైపు చూస్తూ, బయటికెళ్ళింది నాన్నా అన్నాడు. అది బయటికి వెళ్ళలేదు, నా చేతిలో ఉంది. బావ నా చేతివైపు చూశాడు. నేను దాచలేదు, దాచడం నా ఉద్దేశం కాదు. పెట్టె తెరిచి, కాగితం బయటికి లాగి, వెనకవైపు అతనికి తిప్పి చూపించాను. చదువుకోవడానికి వీలుగా కాస్త ముందుకు జరిపి మరీ చూపించాను. ఎవరో నవ్వారు. చాలాకాలం అది మా తమ్ముడని చెప్పుకున్నాను కానీ, నవ్వింది నేనే. బావ ఆ నల్లటి గీతను, ఆ చిరుగును చూసి, సంచి మడిచి చంకలో పెట్టుకుని, మూడు గంటల బస్సుకే వెళ్ళిపోతానన్నాడు. తను తెచ్చిన మూడు డిస్కులకు బదులుగా ఏమీ అడగలేదు.

సరిగ్గా ఆ వారం మధ్యలోనే కంపెనీ దిగొచ్చింది. రోజూ నెట్‌కు కలపక్కర్లేదు, డిస్కులు ఎవరైనా ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అంతా ఎప్పటిలాగే అని ప్రకటించింది. మేము లోకాన్ని జయించినట్టు బందరు లడ్డూలు తెప్పించుకుని, ఆ సంతకాల కాగితం పక్కన నిలబడి ఫోటో దిగాం. షరతు పోయింది కదా, బావకు ఫోన్ చేద్దామని ఆ లడ్డూలు తింటున్న ఎనిమిదిమందిలో ఒక్కడూ అనలేదు. నాకు తోచకపోలేదు. తోచినప్పుడు ఇంకో లడ్డూ తీసుకున్నాను.

కన్సోల్ మన దగ్గరికి వచ్చాక, కొనబోమని సంతకాలు పెట్టినవాళ్ళందరమూ ఒకరి తర్వాత ఒకరం కొన్నాం. ఇళ్ళకు మంచి నెట్ పెట్టించుకున్నాం. ఎవరి ఇంట్లో వాళ్ళం కూర్చుని, చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని, గవర్నర్‌పేట మెట్లెక్కకుండానే అదే గొడవ చేసుకుంటూ ఆడుకునేవాళ్ళం. ఒక సాయంత్రం ఆట మధ్యలో తెర మూల ఒక కబురు మెరిసింది. బావ నాతో ఆడాలని అడుగుతున్నాడు. అవునా కాదా అని కన్సోల్ ఎంతో మర్యాదగా నన్నడిగింది. కాదని నొక్కాను. మిగతావాళ్ళకూ అదే కబురు వెళ్ళింది, వాళ్ళూ అదే నొక్కారు, నొక్కామని ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుని నవ్వుకున్నాం. మూడు వారాల్లో మూడుసార్లు అడిగాడు. తర్వాత అడగలేదు.

మా తమ్ముడి పెళ్ళిలో అత్తయ్య నా పక్క కుర్చీలో కూర్చుని భోంచేస్తూ, తన కొడుకు గురించి తనకు తోచినట్టు చెప్పుకుపోయింది. "ఇంటికి నెట్టొచ్చే ఆ ఫోను లైను కోసం ఎన్నిసార్లు తిరిగాడో నాయనా. బస్సెళ్ళిపోద్దని మీ ఆట మజ్జలో లేచొచ్చేసేవోడుగా. ఆ కొత్త పెట్టొస్తే ఇంట్లో కూచునే బావావాళ్ళతో ఎంతసేపైనా ఆడుకోవచ్చమ్మా అనేవోడు. ఇప్పుడేంటో ఒక్కడే ఆడుకుంటన్నాడు." ఆవిడకు మా సంగతేదీ తెలియదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. కొడుకు చెప్పలేదన్నమాట. అలాగా అత్తయ్యా అన్నాను. పెరుగు ఎంతవరకు వచ్చిందో వరుస చివరికి చూశాను. అదే పెళ్ళిలో బావ పదడుగుల దూరంలో నిలబడి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తున్నాడు.

తర్వాత షాపు మూతపడింది. ఏ షరతూ దాన్ని మూయలేదు. డిస్కు ఎందుకులే, నెట్‌లోనే కొనేసుకుందామని మేమే మెట్లెక్కడం మానేశాం. బాబాయి మిగిలిన డిస్కులన్నీ అట్టపెట్టెల్లో సర్ది, ఇంకెవరూ శ్రద్ధగా చూసుకోరని, బావకు పంపించేశాడట. ఈ మాట ఎప్పుడో విన్నాను. మొన్న తెర మీద ఆ రెండు లైన్లు చూశాకే అది నాకు పనికొచ్చింది.

నిన్న కారు తీసుకుని దివిసీమ వెళ్ళాను. కరకట్ట మీద దారిపొడుగునా, ఎలా మొదలుపెట్టాలి, ఏమని క్షమించమనాలి అని మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. నిజంగా అడుగుదామనే బయల్దేరాను, ఆ ఒక్కటి నమ్మండి. బావ గుమ్మంలోకి వచ్చి, "రండి బావగారూ" అన్నాడు. చిన్నప్పటినుంచీ ఒరేయ్ అని, బావా అని పిలిచిన మనిషి. ముందుగదిలో గోడ పొడుగునా అరల నిండా డిస్కులు, దుమ్ము లేదు. వాటిని చూసేసరికి, దారంతా కూడబలుక్కున్నది ఎటుపోయిందో గానీ, నా నోటినుంచి మొదట వచ్చిన మాట, "ఆ రేసు గేము నీ దగ్గరుందా బావా? ఒక్క వారం ఇచ్చావంటే ఆడి తెచ్చిస్తా" అని.

అతను వెతుక్కోలేదు, నేరుగా వెళ్ళి తీశాడు. పెట్టె తెరిచి, కాగితం బయటికి లాగి, వెనకవైపు నాకు తిప్పి చూపించాడు. చదువుకోవడానికి వీలుగా కాస్త ముందుకు జరిపాడు కూడా. చిరిగినచోట వెనకనుంచి టేపు అంటించి ఉంది. నల్లగీత అలాగే ఉంది, దాని పక్కన మళ్ళీ పేరు రాసుకోలేదు. కింద నా పేరు శుభ్రంగా ఉంది. నేను చూశానని తెలిశాక కాగితం లోపలికి తోసి, పెట్టె మూసి, అరలో దాని చోట దాన్ని పెట్టేశాడు.

"ఇది ఈ ఇంట్లోనే ఆడుద్దండీ. ఇంకోళ్ళ చేతికెళ్తే ఆడదు" అన్నాడు. నవ్వలేదు. మజ్జిగ తాగుతారా అని అడిగాడు.

మజ్జిగ తాగి వచ్చేశాను. అందులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా చెప్పలేను. ఇంటికొచ్చాక దొరికిందా నాన్నా అని మా అమ్మాయి అడిగితే, లేదన్నాను. ఇప్పటి గేములకు అట్టకాగితం లేదు, దాని వెనక తెల్లటి చోటు లేదు, ఎవడు ముందు గెలిచాడో రాసుకునే వీలూ లేదు, కొట్టేసే వీలూ లేదు. మా అమ్మాయి తరం దేన్నీ తమదనుకోదు కాబట్టి దేనికీ అంత మండిపడదు, అది వాళ్ళ అదృష్టమేమో. మేము అంతగా తిట్టిన కంపెనీ రెండు వారాలు తిరిగేసరికల్లా తన షరతు వెనక్కి తీసుకుంది. పన్నెండేళ్ళు టైమున్నా నేను నాది తీసుకోలేదు. తీరా నిన్న బావ ఎదుట నిలబడినప్పుడు కూడా, క్షమించమనాల్సిన నోటితో డిస్కు అడిగాను.