మూల గడిలో మాస్టారు

మాస్టారు పోయిన సంగతి నాకు మెట్ల మీద తెలిసింది. చిన్న ఆక్సిజన్ సిలిండరు, అదీ ఖాళీది, చంకన పెట్టుకుని ఎక్కుతుంటే, ఆయన ఎదురు గదిలో ఉండే బర్మా ఆవిడ దిగుతూ నన్ను చూసి ఆగిపోయింది. "సయా మషిదొబూ," అంది. మాస్టారు ఇక లేరని. సిలిండరు మెట్టు మీద దించి దాని పక్కనే కూర్చుండిపోయాను. ఇవాళ్టికి పదకొండు రోజులు.

ఎరగని వాళ్ల కోసం చెబుతాను. ఈ బర్మా ఊళ్లో మా పేట చిమిండైంగ్‌లో మా తెలుగు పిల్లలకి ఆదివారాలు అక్షరాలు దిద్దించింది ఆయనే. పలకలు పక్కన పెట్టించాక చదరంగం బల్ల తీసేవారు. పాఠంలో పుస్తకాల తెలుగు, బల్ల ముందు ఇంటి తెలుగు. నాకు నలభై దాటి, లత అనే పేటలో ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాక కూడా ఆయనకి నేను "పిల్లా"నే. ముట్టుకున్న పావు ఆడి తీరాలనేవారు. కూరలో ఉప్పు తక్కువైనా అదే చట్టం, మళ్లీ కలపనిచ్చేవారు కాదు. భార్య పోయాక నాలుగో అంతస్తులో ఒక్కరే ఉండేవారు. మాది అదే మేడలో మొదటి అంతస్తు.

సైన్యం రాజ్యం లాక్కుందని జనం కోపంతో బాల్కనీల్లో గిన్నెలు మోగించిన సాయంత్రాల్లో మాస్టారు కూడా చెయ్యి నొప్పెట్టేదాకా రేకు డబ్బా కొట్టారు. తర్వాత వీధుల్లో తుపాకులు పేలాయి. ఆ వెనకే జబ్బు వచ్చింది. అందరం గదుల్లో పడ్డాం, మా ఆట తాడు మీదకి వెళ్లింది. ఇక్కడ ప్రతి బాల్కనీకీ ఒక తాడు వేలాడుతుంది, కింద క్లిప్పు, పైన గంట. కింద ఉన్నవాళ్లు పేపరో కూరలో తగిలించి తాడు లాగితే, పైవాళ్లు గంట విని చేదుకుంటారు. మేము ఎత్తులు చీటీల మీద రాసి పంపుకునేవాళ్లం. ఆ నెలల్లో నేను మనిషిలా ఉన్నానంటే ఆ గంట వల్లే.

ఒక ఆటలో నాకు రాజు ఒక్కటే మిగిలింది. ఆయనకి ఒక బిషప్పు, అంచు వరసలో ఒక బంటు. నేను దొంగపని చేశాను. పాత లాప్‌టాప్‌లో ఉన్న చెస్ ప్రోగ్రామును అడిగాను. నెట్ ఉన్నన్నాళ్లూ అది, పావులు తక్కువైన ఆటలన్నీ ముందే చివరిదాకా లెక్కగట్టి పెట్టిన పట్టికలు చూసుకుని చెప్పేది. అప్పటికి నెట్ కోసేశారు. ఇక సొంత బుర్రతో పావులు లెక్కపెట్టి, మాస్టారు ఐదు బంట్ల విలువంత ముందున్నారంది. ఓడిపోయానని చీటీ రాసి తగిలించాను.

చీటీ చేదుకున్న మాస్టారు బాల్కనీలోంచి వంగారు.

"ఓడిపోనేదే పిల్లా, ఇచ్చీసేవు. ఎవరు సెప్పేరేటి?"

"ప్రోగ్రాము, మాస్టారూ."

"దాన్ని పైకి అట్టుకురా."

మూతికి గుడ్డ కట్టుకుని ఆయన గుమ్మంలో కూర్చున్నాను. ఆయన బిషప్పుది తెల్ల గళ్ల దారి. బంటు మంత్రి కావలసిన మూల గడి నల్లది. నా రాజు ఆ మూలకి చేరితే, దాన్ని అక్కణ్ణించి లేపడం ఆ బిషప్పు తరం కాదు. ప్రోగ్రామును తన వైపు ఆడమని, నా రాజును ఆయనే కదిపారు. మూలకి, పక్క గడికి, మళ్లీ మూలకి. యాభై ఎత్తులపాటు బంటు కదలకపోతే, ఏ పావూ పోకపోతే ఆట డ్రా. ఆ యంత్రం నలభై తొమ్మిది ఎత్తులు ఊరికే తిరిగి, బంటును ఒక్క గడి ముందుకు తోసి, మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టేది. తెర మీద అంకె మాత్రం దిగలేదు.

"సూడు, ఇంకా గెలిసేత్తన్నాననే అంటంది. లెక్కలొచ్చుగానీ దానికి మూలంటే ఏటో తెల్దు," అని పడీపడీ నవ్వారు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. ఆ దగ్గు మళ్లీ తగ్గలేదు.

వారం తిరక్కుండా జ్వరం. వేలికి తగిలించుకునే ఆక్సిజన్ మీటరు తాడు మీదే పంపి, ఎత్తు కింద దాని అంకె కూడా రాయమన్నాను. తొంభై ఆరు, తొంభై ఐదు. ఒక ఉదయం ఎనభై ఎనిమిది. దాని కింద ఆయన గుండ్రటి అక్షరాలు: "ఇదీ నీ ప్రోగ్రాముకి చుట్టమే. నాకు ఆయాసం లేదు. నా మూలలో నేను బాగానే ఉన్నాను. ఎత్తు వెయ్యి."

నేను ఎత్తు వేశాను. అంకెను చూసి ఆట ఇచ్చేయకూడదని ఆయనే కదా నేర్పింది. ఆ రోజంతా ఊరుకున్నాను. ప్రోగ్రాము జరగబోయేది ఊహించి చెప్పింది. మీటరు ఏదీ ఊహించలేదు, ఆయన నెత్తురు అప్పుడు ఎలా ఉందో చెప్పింది, అంతే. యంత్రాలు విప్పి బతికే నాకు ఆ తేడా తెలిసి ఉండాలి. ముందురోజే వెళ్లినా సిలిండరు దొరికేది కాదు, ఊళ్లో ఎవరికి దొరికింది గనక, అని అందరూ అంటారు. కావచ్చు. ఆ ఒక్క రోజు మాత్రం నాదే.

మర్నాడు చీటీ రాలేదు. పైకి పరిగెత్తాను. మాస్టారు మంచం మీద ఎగశ్వాస తీస్తున్నారు. సిలిండరు తెస్తానంటే తల అడ్డంగా ఊపి, "ముందు ఎత్తెయ్యే," అన్నారు. బర్మా ఆవిణ్ణి ఆయన దగ్గర కూర్చోబెట్టి కిందికి దిగాను. ఆయన మాట కాదనలేక, "డ్రాకి ఒప్పుకుంటారా?" అని చీటీ రాసి, క్లిప్పుకి తగిలించి, తాడు లాగి పరిగెత్తాను. ఖాళీ సిలిండరొకటి అడిగి తీసుకుని, ఆక్సిజన్ నింపే చోట మధ్యాహ్నందాకా వరసలో నిలబడితే, అయిపోయిందన్నారు.

గంట వినబడగానే సయా లేవబోయారట. చీటీ తర్వాత చూడొచ్చని తనే పడుకోబెట్టానని, ఆవిడ నాకు నాలుగు రోజులయ్యాక చెప్పింది, కళ్లు దించుకుని.

చీటీ ఇంకా ఆ క్లిప్పులోనే ఉంది. వానకి సిరా అంతా పోయింది, తెల్ల కాగితమే మిగిలింది. నది మీంచి గాలి వీస్తే తాడు ఊగి, పైన గంట ఒక్కసారి మోగుతుంది. ఎవరూ చేదుకోరని తెలిసీ నేను తలెత్తి చూస్తాను.