అత్తయ్య సంచి సర్దిన వారం

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదికీ ఒకేసారి విసుగు పుట్టించిన మనిషి మా మేనత్త. ఆవిడ నర్సు. ఒక అరబ్బు దేశంలో ఉద్యోగం వచ్చింది. ఆ దేశానికీ దాని పక్క దేశానికీ అప్పటికే యుద్ధం నడుస్తోంది. వద్దని ఎవరు చెప్పినా వినలేదు. సరే, వెళ్లేదేదో నవ్వుతూ వెళ్లవచ్చు కదా! బయలుదేరే ముందు వారం రోజులు మండపేటలోని మా ఇంట్లో ఉండి, అందరినీ వేపుకు తింది.

నాయనమ్మ ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి, ట్రంకుపెట్టె నింపింది. అత్తయ్య అవన్నీ తీసి మంచం మీద పెట్టింది. నాయనమ్మ మళ్లీ సర్దింది. ఈసారి అత్తయ్య ఒక గుడ్డసంచి తెచ్చి, అందులో రెండు జతల బట్టలు, టార్చిలైటు, మాత్రలు, అటుకులు, నీళ్ల సీసా, అక్కడి మన ఎంబసీ చిరునామా వేసింది. పెట్టె ఎక్కడున్నా ఈ సంచి మాత్రం ఎప్పుడూ తలుపు పక్కనే ఉండాలట.

“ఆ పెట్టెతో నేను పరిగెత్తగలనా అమ్మా? ఒకసారి నువ్వే ఎత్తి చూడు” అంది.

నాయనమ్మ నిజంగానే ఎత్తబోయి, నడుం పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ పూట ఎవరికీ అన్నం సయించలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. అప్పట్లో మా ఊళ్లో జిరాక్సు లేదు. నా చేతిరాత బాగుంటుందని పాస్‌పోర్టు వివరాలు నాలుగు కాగితాల మీద రాయమంది. ఒకటి ఇంట్లో ఉంచడానికి, ఒకటి సంచిలోకి, ఒకటి లంగా అంచులో కుట్టుకోవడానికి, ఒకటి అక్కడి స్నేహితురాలికి. నాలుగో దాంట్లో ఒక అంకె తప్పు పోయింది. చించేసింది. మళ్లీ రాస్తే మళ్లీ తప్పే. బయట పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. నాకు ఏడుపొచ్చి, “నువ్వు తొందరగా వెళ్లిపో అత్తా” అనేశాను.

కొడుతుందేమో అనుకున్నాను. నా పక్కన చతికిలబడింది.

“నాకు భయంగా ఉందే. అమ్మకి చెప్పలేను. ఈ కాగితాలైనా సరిగ్గా ఉంటే కాస్త ధైర్యంగా ఉంటుంది” అంది.

నా భుజం మీద వేసిన చెయ్యి చల్లగా ఉంది. ఈసారి ఒక్కో అంకె పైకి పలుకుతూ రాశాను.

ఏడాది తిరక్కుండానే ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి. ఉద్యోగం ఇచ్చినవాళ్లు తీసి దాచిన అత్తయ్య పాస్‌పోర్టు, తను పనిచేసే చోట ఆఫీసు గదిలోనే కాలిపోయింది. లంగా అంచు విప్పి నా కాగితం ఎంబసీలో ఇచ్చిందట. నాన్న ఇంట్లో ఉంచిన కాగితం చూసి టెలిగ్రాంలో పంపిన అంకెలు దాంతో సరిపోయాయట. కొత్త కాగితాలు రాసిచ్చి పంపేశారు. భుజాన గుడ్డసంచితో, సగానికి సగం చిక్కిపోయి ఇంటికి వచ్చింది. నాయనమ్మ ఏడవడం అయ్యాక ట్రంకుపెట్టె ఏమైందని అడిగింది. అత్తయ్య గుమ్మంలోనే విసుక్కుంది.

నాకిప్పుడు అప్పటి నాయనమ్మ వయసు. దూర ప్రయాణానికి ముందు ఇంట్లో ఎవరైనా అయినదానికీ కానిదానికీ కసురుతుంటే నాకూ చిరాకేస్తుంది, అబద్ధం ఎందుకు. తిరిగి ఒక మాట అనబోతాను. అంతలో ఆ చల్లటి చెయ్యి భుజం మీద పడినట్టుంటుంది. ఊరుకుని, వాళ్ల పక్కన కూర్చుంటాను.