ఆమేన్ అనేదాకా

ఈ ఉదయం పొయ్యి మీద పాలు మాడాయి. ఆ వాసనకు గచ్చిబౌలిలోని మా పాత ఫ్లాటు గుర్తుకొచ్చింది. అమ్మ నాకు ఇంట్లోనే చదువు చెప్పేది కాబట్టి, నా ఈడు పిల్లలతో గడిపే రోజులు చాలా తక్కువ.

ఒక ఆదివారం బాచుపల్లి నుంచి అమ్మ స్నేహితురాలు సునీత ఆంటీ, తన కూతురు రూతును వెంటబెట్టుకుని వచ్చింది. మేమిద్దరం సాయంత్రం దాకా ఆడుకున్నాం.

"ఇగ పోతం అక్కా. నీ బిడ్డతోని ప్రార్థన చేపియ్యి," అంది ఆంటీ.

"టీకి పాలు పెట్టాను. ప్రార్థనయ్యాక తాగి వెళ్దురుగాని," అంది అమ్మ.

ఆమేన్ అనేదాకా ఎవరూ గడప దాటరని నాకు తెలుసు. అందుకే కళ్లు మూసుకుని చుట్టాలందరి పేర్లూ దేవుడికి అప్పజెప్పాను. వాళ్లు అయిపోయాక వాచ్‌మన్‌ను, లిఫ్టును, రూతు చెప్పులను కూడా దీవించమన్నాను. మాడు వాసన వచ్చింది. ఎవరూ కదిలిన అలికిడి కాలేదు. ప్రార్థనలో కళ్లు తెరవకూడదు కదా అని నేనూ ఆపలేదు.

చివరికి ఆమేన్ అన్నాక, "నీ ప్రార్థనకు గిన్నె నల్లగయింది సూడు!" అని రూతు పడీపడీ నవ్వింది.

"ఇది తోమకుండ ఎట్ల పోతం? ఇద్దరు పట్టుండ్రి," అంది ఆంటీ.

మరో అరగంట సింకు దగ్గర భుజాలు రాసుకుంటూ తోమాం. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను.

ఇవాళ ఒక్కదాన్నే గిన్నె తోముతుంటే తట్టింది. పాలు పొంగకముందే పరుగెత్తే అమ్మ, ఆ రోజు మాడుతున్నా నా పక్కనే కళ్లు మూసుకుని నిలబడింది. అలాంటి అమ్మనిచ్చినందుకు స్తోత్రం చెప్పుకున్నాను. ఆమేన్ త్వరగానే అనేశాను. వెళ్లేవాళ్లు ఎవరూ లేరు.