పీట కింద గోనెసంచి

మా చిన్నప్పుడు... నేను మూడో తరగతిలో ఉన్న ఎండాకాలంలో, వారం పాటు నాకు దొడ్డికి కాలేదు.

కడుపు బిగుసుకుపోయింది. కూర్చుంటే నొప్పి. ఆ భయానికి నేనే బిగబట్టేదాన్ని... బిగబట్టేకొద్దీ ఇంకా గట్టిపడేది.

అప్పటికి మేం కోడుమూరు పక్క పల్లె వదిలి ఎర్రగుంట్లకు వచ్చి కొన్ని నెలలైంది. నాన్నకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. వరసగా కట్టిన ఇళ్లు... ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ.

ఆస్పత్రిలో డాక్టరు నా కడుపు నొక్కి చూసి, "పాప ఏం తింటుంది?" అని అడిగాడు.

నాన్న నిటారుగా నిలబడ్డాడు. "మూడు పూటలా వరన్నమే సార్. మాకేం తక్కువ లేదు."

వరన్నం అంటే బియ్యం అన్నం... మా పల్లెలో పండక్కి వండేది. తిండి గురించి అడిగితే నాన్న పరువు గురించి చెప్పాడు.

"ముందు ఏం తినేవాళ్లు?"

ఈసారి అమ్మ చెప్పింది. "జొన్నరొట్టె, కొర్రబువ్వ, ఆకుకూర సార్."

డాక్టరు మందు రాసిచ్చి, ఆ తిండే మళ్లీ పెట్టమన్నాడు. నీళ్లు బాగా తాపమన్నాడు.

ఇంటికి రాగానే అమ్మ జొన్నపిండి తీసింది. నాన్న గొంతు తగ్గించాడు.

"రొట్టె తట్టే చప్పుడు పక్కింటికి ఇనపడతాది. బియ్యం కొనలేక తింటాండారు అనుకుంటారు."

"అనుకోనీ. పాపకు కడుపు కదలాల. నువ్వు పోయి గోంగూర తేపో."

పొద్దున రొట్టె, గోంగూర పప్పు. మధ్యాహ్నం కొర్రబువ్వలో మజ్జిగ. సాయంత్రం జామకాయ... నేను రొట్టె పక్కకు నెడితే అమ్మ కేకలేయలేదు. వేరేదీ పెట్టలేదు. "ఇదే ఉండాది" అని పక్కనే కూచునేది. తిన్నాక చెంబుడు నీళ్లు. ఆ తర్వాత కాసేపు మరుగుదొడ్లో కూచోబెట్టేది... వచ్చినా, రాకపోయినా.

కొన్నాళ్లకు ఒక పొద్దున తలుపు బయటి నుంచి అడిగింది. "ఏమైనాది పాపా?"

"అయిందిమా... నొప్పి లేదు."

బయటికొచ్చి చూస్తే అమ్మ గోడకు ఆనుకుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉంది.

ఆ రోజే పక్కింటామె పెరటి గోడ మీదుగా తొంగి చూసింది. "అక్కా, నువ్వు దినామూ రొట్టె తట్టేది మాకు ఇనపడతాండాది."

నాన్న తల వంచుకున్నాడు.

"మేమూ చేసుకుంటాం లేక్కా... మీకు ఇనపడకూడదని రొట్టె తట్టే పీట కింద గోనెసంచి ఏస్తాండా."

ముందు నవ్వింది నాన్నే. "ఇంగ ఆ సంచి తీసెయ్‌మ్మా" అన్నాడు.

ఇప్పుడు కర్నూల్లో జొన్నరొట్టె కోసం సాయంత్రం బండి దగ్గర వరసలో నిలబడుతున్నాం... ఇంట్లో చేసేవాళ్లే తగ్గిపోయారు. మా ఆరేళ్ల పాప బిస్కెట్లు, నూడుల్స్ తప్ప ముట్టదు. తనకూ అదే బాధ మొదలైంది. డాక్టరమ్మ మందిచ్చి, తిండి మార్చమంది.

మార్చేదాకా వదలను. మీ ఇళ్లలో పిల్లల కడుపు బిగిస్తే ఏం పెట్టేవాళ్లు? కింద రాయండి... మా పాపకు ఏది నచ్చుతుందో చూస్తా.

రేపు పొద్దున జొన్నలు మరకు తీసుకుపోవాలి. సోమవారం డాక్టరమ్మ మళ్లీ చూస్తుంది.