వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ

పోయిన నెల మా అమ్మాయి నన్ను ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కొత్తగా తెరిచిన వెల్‌నెస్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే కింద సెల్‌ఫోన్ల దుకాణం, పైన ఇది. నా మోకాళ్ళ కోసమట. లోపల గోరువెచ్చని నీళ్ళ కొలను, దాని గోడల్లోంచి నడుముకీ పిక్కలకీ వచ్చి తగిలే నీటిధారలు, ఎక్కడినుంచో సన్నగా వేణువు. నీళ్ళలో ఉన్నంతసేపూ హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. బయటికొచ్చి బల్లమీద పడుకున్నాక ఒక పిల్ల వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు తెచ్చి, ఆవిరి పోవడానికి దాన్ని నా మొహం పైన ఎత్తి ఒక్కసారి విదిలించింది. అంతే, నేను రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాను. "సారీ మేడమ్, కాలిందా?" అని ఆ పిల్ల బెదిరిపోయింది. కాలలేదమ్మా అన్నాను. మా అమ్మాయి మాత్రం తలుపు దగ్గర నిలబడి ఫోన్‌లోకి చూస్తూ ఉండిపోయింది. దానికి తెలుసు.

మా ఆయన నన్ను కొట్టేవాడు. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు చాలాకాలం పట్టింది, ఎందుకంటే మావైపు దాన్ని అలా అనరు. "వాడికి కాస్త కోపమెక్కువ" అంటారు, "చెయ్యి చేసుకున్నాట్ట" అంటారు. మా అత్తగారైతే ఒంట్లో వేడి అనేది, మజ్జిగ ఎక్కువ పొయ్యమనేది. పోశాను. గుంటూరు వైపునుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా కుదురుకున్న మనిషి. బయట అందరితోనూ నెమ్మది, పక్కింటివాళ్ళ గ్యాస్ సిలిండర్ మూడో అంతస్తుకి మోసిపెట్టేంత మంచివాడు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే ఒకటి, ఎక్కువైతే రెండు. కుడిచేత్తో కొడతాడు కనక అన్నీ నా ఎడమవైపే పడేవి. ఎడమచెవి ఒక దీపావళినాడు పోయింది. ఇప్పటికీ అటువైపు కూర్చుని ఎవరైనా చాడీలు చెబితే నాకు వినపడవు, అదొక లాభం. ఒకసారి జుట్టు పట్టుకుని తల తలుపుచెక్కకేసి కొడితే నుదురు చీలింది. కుట్లు వేసిన డాక్టరుకి బాత్‌రూములో జారానని చెప్పాను. నాచారం మొత్తంలో నాలా అన్నిసార్లు బాత్‌రూములో జారిన మనిషి ఉండదు.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి, చలికాలం మొదట్లో, ఆయన కుడిభుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు డాక్టరు, షుగరున్నవాళ్ళకి వస్తుందట. చెయ్యి నడుము దాటి లేవదు. తల దువ్వుకోలేడు, చొక్కా తొడుక్కోలేడు, రాత్రిళ్ళు నొప్పికి పసిపిల్లాడిలా ఏడ్చేవాడు. నాకు జాలేసింది, నిజమే. కానీ జాలికంటే ముందు ప్రాణం లేచొచ్చింది. పెళ్ళయ్యాక మొదటిసారి వంటింట్లో గిన్నె జారిపడితే నా గుండె ఆగలేదు. ఒకరోజు అలవాటుకొద్దీ ఎడమచేత్తో ప్రయత్నించాడు. గురి కుదరక ఫ్రిజ్‌కి తగిలి వేళ్ళు వాచాయి. ఆ ఫ్రిజ్ తెరిచి, అందులోంచే ఐసు తీసి ఆ వేళ్ళకి పెట్టింది నేనే.

ఆయన అక్క, మా వదిన, ఘట్‌కేసర్‌లో ఉండేది. ప్రకృతి చికిత్స చేయించమని ఆవిడే పట్టుబట్టింది. నాచారంలోనే, మల్లాపూర్ వెళ్ళే దారిలో, ఒక పాత డాబాలో ఉండేది ఆ చికిత్సాలయం. మందుల్లేవు, అన్నీ నీళ్ళే. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే పేటలో నీళ్ళతో వైద్యం పెట్టినవాడి గుండెధైర్యానికి దణ్ణం పెట్టాలి. పొద్దున్నే గేటు దగ్గర రోగులకంటే ముందు ట్యాంకరు నిలబడి ఉండేది. భుజం నొప్పని వెళ్ళినా, మెడ నొప్పని వెళ్ళినా, ముందు చన్నీళ్ళ తొట్టిలో నడుం మునిగేలా కూర్చోవలసిందే. డిసెంబరు పొద్దుట ఆ తొట్టిలో కాళ్ళు బయటికి వేలాడేసుకుని, పళ్ళు టకటకలాడిస్తూ, ఇంట్లో నన్ను గడగడలాడించే మా ఆయన. ఇతనికా ఇన్నేళ్ళు భయపడ్డాను అనిపించింది. నవ్వు రాకుండా పైట నోట్లో కుక్కుకున్నాను.

ఇంట్లో చెయ్యాల్సిన వైద్యం నాకు నేర్పిన ఆమెది జనగామ వైపు పల్లె. మెడలో సన్నటి గొలుసుకి శిలువ, నీళ్ళలో నాని తెల్లబారిన వేళ్ళు. ముందు వేణ్ణీళ్ళలో పిండిన తువ్వాలు భుజం మీద వెయ్యాలి, చర్మం ఎర్రబడ్డాక చన్నీళ్ళది, మళ్ళీ వేడిది, అలా మార్చి మార్చి. "ఎన్నిమాట్ల మార్చినా ఆఖరికి సల్లనీళ్ళే వెయ్యాలె అక్కా, మర్సిపోకు," అనేది. తువ్వాళ్ళయ్యాక ఆయన గోడ దగ్గర నిలబడి కుడిచేతి వేళ్ళతో పైకి పాకాలి. "యాడిదాక పోయిందో పెన్సిల్‌తోని గీత గియ్యుండ్రి సార్. రేపు దానికంటె జర మీదికి పోవాలె." అలా మా ముందుగది గోడమీద గీతలు మొదలయ్యాయి. పిల్లల ఎత్తు కొలిచి గీసినట్టే, పక్కన తారీఖుతో సహా.

మొదటి గీత నా నడుం దగ్గర. కీసరలో శివరాత్రి జాతర అయ్యేసరికి నా భుజం దాకా వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన లేనప్పుడు నేను ఆ గోడకి ఆనుకుని నిలబడి చూసుకున్నాను. ఇంకో నాలుగువేళ్ళు పైకి పోతే నా చెంప. ఆ తరువాత రోజూ ఆయన వేళ్ళు గోడమీద పాకుతుంటే నేను ఇంకా ఎన్నివేళ్ళు మిగిలాయో లెక్కపెట్టుకునేదాన్ని. చికిత్సాలయంలో కూడా ఆయన చేత గోడ ఎక్కించేటప్పుడు ఆమె నా భయం ఎప్పుడు కనిపెట్టిందో తెలియదు. తువ్వాళ్ళు పిండుతూ, నా మొహం చూడకుండా అడిగింది: "సార్ చెయ్యి లేస్తుంటె నువ్వెందుకక్కా తలకాయ పక్కకు తిప్పుతున్నవ్?" మెడ నొప్పన్నాను. "కొత్తదా, పాతదా?" అంది. పాతదే అన్నాను. ఆమె ఒక తడిపట్టీ తెచ్చి నా మెడకి చుట్టింది.

ఆ చెయ్యి లేవకుండా నీళ్ళు ఉత్త గోరువెచ్చగా పెట్టి ఊరుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ నొప్పికి మూలుగుతున్న మనిషికి దొంగవైద్యం చెయ్యడం నావల్ల కాలేదు. పైగా వేడి తువ్వాలు వెయ్యగానే కళ్ళు మూసుకుని "అబ్బ, ప్రాణం లేచొచ్చిందే" అనేవాడు. ఇరవై రెండేళ్ళలో నాతో ఆయన అన్న మంచిమాట అదే. ఆ మాట పట్టుకుని వేలాడాను. ఇన్ని నెలలు నేను కాపడం పెట్టి లేపిన చెయ్యి నామీదికి లేవదు, అంత సిగ్గులేనిదై ఉండదు అనుకున్నాను. నా బతుకంతా ఆ ఒక్క అనుకోవడం మీద పెట్టుకుని నీళ్ళు కాచాను.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఆయన వేళ్ళు ద్వారబంధం దాటి పైకి పోయాయి. వదిన బొబ్బట్లు పట్టుకుని వచ్చింది. "అంతా నీ చేతి చలవే అమ్మాయ్," అని నా గడ్డం పట్టుకుంది. ఆ సాయంత్రం కూడా మానకుండా పడగ్గదిలో స్టూలు మీద పొగలు కక్కే వేణ్ణీళ్ళ గిన్నె, కింద చన్నీళ్ళ బకెట్టు పెట్టుకుని కూర్చున్నాను. తువ్వాలు ఒక్క పిసరు వేడెక్కువైంది. ఆయన లేచి కొట్టాడు. భుజం నుంచి, పూర్తిగా, వెనక్కి లాగి కొట్టాడు. నేను వెళ్ళి మంచం కోడుమీద పడ్డాను, పంటికి పెదవి తెగి నోరంతా ఉప్పగా అయింది. తలెత్తి చూస్తే ఆయన నావైపు చూడటం లేదు. తన చెయ్యి చూసుకుంటున్నాడు. కోపంగా కాదు, సంబరంగా. అరచెయ్యి తిప్పి, భుజం ఒకసారి గుండ్రంగా ఆడించి, నొప్పి లేదని చూసుకుని మురిసిపోతున్నాడు.

నేను ఏమీ ఆలోచించలేదు. గిన్నె ఎత్తి ఆ భుజం మీద కుమ్మరించాను. ఆయన పెట్టిన కేకకి హాల్లోంచి వదిన పరిగెత్తుకొచ్చింది. చర్మం నా కళ్ళముందే పొంగింది. ఆయన నేలమీద పడి కొట్టుకుంటుంటే బకెట్టు ఎత్తి చన్నీళ్ళు కూడా పోశాను, బకెట్టు ఖాళీ అయ్యేదాకా. ఆఖరికి చల్లనీళ్ళే వెయ్యాలి కదా, చెయ్యి అలవాటు పడిపోయింది.

ఉప్పల్‌లో ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాం. కట్టు కడుతూ డాక్టరు, "వెంటనే చన్నీళ్ళు పోశారు కాబట్టి లోతుగా కాలలేదు. ఎవరు పోశారు?" అన్నాడు.

"నేనే."

"మంచి పని చేశారమ్మా. అసలు వేణ్ణీళ్ళు ఎలా పడ్డాయి?"

"బాత్‌రూములో జారి..." అని మా ఆయన మొదలుపెట్టాడు.

"జారలేదండీ," అన్నాను. "అవి కూడా నేనే పోశాను. ఈయన నన్ను కొట్టాడు, పోశాను. ఇరవై రెండేళ్ళుగా కొడుతున్నాడు."

డాక్టరు చేతిలో గాజుగుడ్డ ఆగిపోయింది. వదిన నా పెదవి వంక చూసింది, తమ్ముడి వంక చూసింది, బెంచీమీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోలీసులకి చెప్పమంటారా అని డాక్టరు అడిగాడు, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా. చెప్పమన్నాను, ఇద్దరం చేసిందీ చెప్పమన్నాను. మా ఆయనే వద్దు వద్దని ఎడమచెయ్యి అడ్డంగా ఊపాడు.

కాలిన చర్మం ముడుచుకుపోకుండా ఆ చేతిని మళ్ళీ గోడ ఎక్కించాల్సి వచ్చింది. ఎక్కించాను. ఇప్పుడా చెయ్యి నిటారుగా లేస్తుంది, అటకమీది డబ్బాలు దించుతుంది, పొద్దున్నే నాకు కాఫీ కూడా కలుపుతుంది. నామీద మళ్ళీ పడలేదు. చాలాకాలం నేను స్టవ్‌మీద గిన్నె పెడితే చాలు, ఆయన పేపరు తీసుకుని వరండాలోకి పోయేవాడు. మొన్న వదిన వచ్చి ఆ కాఫీ తాగుతూ, మా తమ్ముణ్ణి కాలం ఎంత మార్చేసిందో చూడు అంది. నాకు ఒళ్ళు మండింది. కాలమేం మార్చింది వదినా, ఇరవై రెండేళ్ళపాటు అది కూడా మీ అందరితోపాటు హాల్లోనే కూర్చుంది.