దానంతటదే రాలిన కొమ్ము

బాతెల్ అనే ఊళ్లో ఉన్నప్పుడు మా పక్కింటాయన గుడ్డు వేయలేదని నాలుగుసార్లు చెప్పించుకుంటే గాని కేక్ ముట్టేవారు కాదు. ఆయన హాల్లో మాత్రం కారిబూ కొమ్ముతో చెక్కిన పక్షి బొమ్మ ఒకటి ఉండేది. కారిబూ అంటే ఉత్తరాన మంచులో తిరిగే, ఏటా కొమ్ములు రాల్చే జింక. ఎవరొచ్చినా ఆయన ఆ పక్షి వీపు నిమురుతూ ఒకటే మాట అనేవారు: "దానంతటదే రాలిన కొమ్మండీ. ప్యూర్ వెజ్."

అలాస్కా ట్రిప్‌లో ఆయన అది కొంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. "రాలిన కొమ్మేగా?" అని, చెక్కిన ఇన్యూట్ ఆదివాసీ ఆవిడనే అడిగారు.

"కాదు, మా తమ్ముడు వేటాడి తెచ్చాడు," అందావిడ. "మాంసం ఊళ్లో అందరం పంచుకున్నాం. తోలుతో చేతి తొడుగులు కుట్టాను, దాని నరమే దారం. కొమ్ము మిగిలితే ఇది చెక్కాను." ఆ సంగతంతా తన చేత్తో ఒక కార్డు మీద రాసి మరీ ఇచ్చింది.

కొన్నాళ్లకు వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ కార్డు ఏమైందని అడిగాను.

"బాగా యూజ్ అయిందమ్మా. బొమ్మ షేక్ అవుతోంటే మడిచి కింద పెట్టా," అంటూ పక్షి వీపు నిమిరారు.

పక్షి కదల్లేదు.